కర్పూరం ఆర్పి అమ్ముతున్న కారు

తమ్ముడు శ్రీధరకు అక్క ఆశీస్సులు.

ఫోన్లో మాట్లాడితే మీ బావ పక్కనే ఉంటారు. అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను.

నీ మేనకోడలు గార్గిని డయాలిసిస్‌కు బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి బస్సులో తీసుకెళ్లలేక పాత కారు చూస్తున్నాం. గౌరిబిదనూరు నుంచి ఒకాయన బండి తెచ్చాడు. గుడి ముందు కర్పూరం వెలిగించి, చేత్తో ఆర్పి, "ఈ బండికి యాక్సిడెంటే కాలేదు సామీ" అని ప్రమాణం చేశాడు. మెకానిక్‌కు చూపిద్దామంటే మీ బావ, "కర్పూరం ఆర్పినోణ్ణి అనుమానిస్తే స్వామిని అనుమానించినట్టే గదే" అన్నారు.

నిన్న, అతను మా ఇంటిముందు వదిలివెళ్లిన బండిలో కూర్చుని గార్గి బెల్టును చివరిదాకా లాగింది. "అమ్మా, కొనలో ఒండ్రు ఉండాది చూడు" అంది. కాళ్లకింది మ్యాట్ ఎత్తితే సీటు బోల్టులన్నీ తుప్పు. అది వరదలో మునిగిన బండి, తమ్ముడూ. బండి తెచ్చినాయన అబద్ధమాడలేదు. నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు, అంతే. మీ బావకు చెప్పబోతే, "నీ భక్తి ఇంతేనా?" అని నవ్వారు.

శుక్రవారం బండికి పూజ. అది అయ్యాక మీ బావ బండిని వెనక్కి ఇవ్వరు. ఆలోగా చింతామణిలో నీకు తెలిసిన మెకానిక్‌ను తీసుకుని, ఊరికే చూడవచ్చినట్టు రా. మొన్న బస్సు ఆలస్యమైతేనే పిల్లకు ఊపిరి అందలేదు. ఈ బండి హైవే మీద ఆగిపోతే నేనేం చేయను? స్వామి మీద నాకు నమ్మకం పోలేదు. ఆ బండి మీదే లేదు.

ఈ కాగితాలు చించకు, దాచిపెట్టు. బండిని చూపిద్దామని నేను అడిగానని ఒక్కరికైనా తెలిసి ఉండాలి. బావకు మాత్రం చూపించకు. జరగరానిది జరిగితే అసలే చూపించకు, ఆయన తట్టుకోలేరు.

మీ అక్క