అమ్మ చెప్పిన గడ్డి పేర్లు

మోనికా,

అధ్యాపకులంతా నువ్వు నడిపే పరిశోధన కేంద్రంలో చేరాలంటూ నువ్వు పంపిన సర్క్యులర్‌ను మూడుసార్లు పక్కన పడేశాను. నాకంటే వెనక ఉద్యోగంలో చేరిన నీ కింద పని చేయడమేమిటని.

మొన్న మా ఊరు తిరుమణి వెళ్లాను. సోలార్ పలకల కింద గొర్రెల మేపు గురించి మీ బృందం మా అమ్మనే అడిగిందట. ఇరవై రకాల గడ్డి పేర్లు చెప్పిందట. నాకు ఒక్కటీ తెలియదు. పైగా నీతో దిగిన ఫొటోను నా డాక్టరేట్ ఫొటో పక్కనే పెట్టుకుంది. ఒళ్లు మండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఆ పాప అడిగింది, చెప్పినాను. నువ్వెప్పుడన్నా అడిగితివా మే?"

దరఖాస్తు పంపుతున్నాను, నన్ను చేర్చుకో. ఇకమీదట మా అమ్మ దగ్గరికి నువ్వు వెళ్లొద్దు, నేనే వెళ్తాను.

ఏమేం అడగాలో మాత్రం రాసి పంపు.