హైడ్రోస్ డబ్బాలో వెండి

మాకవరపాలెం

బావకి,

ఇక్కడ అత్తా, నేనూ, హాసినీ బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ వేళకి తింటున్నావనే నమ్మకంతో రాస్తున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ పక్కన ఎప్పుడూ మీ అమ్మ ఉంటుంది. నక్కపల్లి త్రినాధరావు మళ్లీ మస్కట్ వస్తుంటే అతని చేతికిస్తున్నాను.

హాసిని పేరున కొన్న వెండి నాణేలు జాగ్రత్తగా ఉన్నాయా అని అడిగావు. ఉన్నాయి, కాకపోతే మొన్న నల్లబడ్డాయి. దొంగల భయంతో అత్త వాటిని బీరువాలోంచి తీసి, బెల్లం తెల్లగా రావడానికి పాకంలో వేసే హైడ్రోస్ డబ్బాలో మూటగట్టి దాచింది. అక్కడెవడు వెతుకుతాడని ఆవిడ తెలివి. తీసి చూసేసరికి బొగ్గుల్లా ఉన్నాయి. "నా కొడుక్కేటైనా అయిపోనాదేటే" అని కీడు శంకించి కూలబడింది. నువ్వు ఫోనెత్తేదాకా మంచినీళ్లు ముట్టలేదు. ఊరికే చేశామని ఆ రోజు నీతో అబద్ధమాడాం.

అనకాపల్లిలో మనం కొన్న షాపాయన విని నవ్వాడు. హైడ్రోస్‌లో గంధకం ఉంటుందట, వెండికి అదే పడదట. చింతపండుతో రుద్దితే నాణెం మెరుపు పోతుందన్నాడు. ఆయన చెప్పినట్టే గిన్నెలో అల్యూమినియం కాగితం పరిచి, వంటసోడా కలిపిన వేణ్ణీళ్లు పోసి ముంచాను. ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు కంపు. దిష్టి పోతోందని అత్త సంబరం. మెత్తని గుడ్డతో తడి అద్ది, గాలి చొరని కవర్లలో పెట్టి, చెమ్మ లాగడానికి సుద్దముక్క వేసి బీరువాలో పెట్టేశాను.

ఒక్కటి మాత్రం ముంచలేదు బావా. అంచులు పట్టుకోండి, మీద వేలు పెట్టొద్దని మమ్మల్ని తినేసేవాడివి కదా, నల్లబడ్డాక దాని మీద తేలింది నీ బొటనవేలి ముద్రే. చెరకు కొట్టేటప్పుడు కత్తి తగిలిన గాటుతో సహా పడింది. హాసిని రోజూ బీరువా తీయించుకుని, కవరు మీంచే దాని మీద వేలు పెట్టి, నాన్నకి చెప్పి బడికెళ్తోంది. నాకూ చెరపబుద్ధి కాలేదు.

ఇంకో రెండేళ్లు అక్కడే పనికి సంతకం పెట్టనా అని నువ్వడిగితే, నీకు దిగులెందుకని పెట్టెయ్యమన్నాను. అది నా మనసులో మాట కాదు. నువ్వు లేకుండా నాకు బాగోలేదు. పెట్టకు, వచ్చెయ్. నిన్న బళ్లో టీచరు హాసినిని మీ నాన్న ఎక్కడుంటారని అడిగితే, బీరువాలో అని చెప్పిందిట.

ఇట్లు,
నీ మరదలు, హాసిని వాళ్లమ్మ
ఇందు