గుడ్లగూబ అన్నది నేనే

బాబాయిగారికి,

నిన్న మీ సన్మానంలో మన దొరగారు మిమ్మల్ని ‘నైట్ ఔల్’ అన్నారు. తెలుగులో చెప్పాల్సిన నేను కంగారులో “ఈయనొక గుడ్లగూబ” అనేశాను. అందరూ గొల్లుమన్నారు. మీరు బహుమతిని కుర్చీలోనే వదిలేసి వెళ్ళిపోయారు. ఇక పనికి రానని పొద్దున్నే కబురు పంపారు.

దొరగారన్న ఆ ఇంగ్లీషు మాటకి రాత్రంతా చురుగ్గా మేలుకుని ఉండే మనిషని అర్థం. పన్నెండేళ్ళుగా బాయిలరు దగ్గర రాత్రి డ్యూటీలో మీరు ఒక్క కునుకైనా తీయలేదని ఆయన మెచ్చుకున్నారు. ఇంట్లో ఆయన భార్య కూడా ఆయన్ని ముద్దుగా అలాగే పిలుస్తుందట.

నేను చేసిన నిర్వాకం చెబితే ఆయన మొహం వాడిపోయింది. వెంటనే నన్ను వెంటబెట్టుకుని మీ ఇంటికి బయల్దేరారు.

ఎంత పిలిచినా మీరు పలకడం లేదు. అందుకే ఈ కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. ఆయన నా పక్కనే నిలబడి ‘క్షమించండి’ అనడం నేర్చుకుంటున్నారు. ఈ ఒక్క మాట మాత్రం నాచేత చెప్పించనంటున్నారు. తలుపు తీయండి బాబాయ్.