హారిక అడిగిన గొంగడి

నాయనా, నీ మనవరాలు హారిక లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది, ముందు నువ్వు కడుపు నిండా తిను. ఫోనులో నీకు మాట వినపడదు కనుక సూర్యాపేట దవాఖాన నుంచి ఈ కార్డు రాస్తున్నాను. పోస్టాయనతో చదివించుకో.

దాని ఒంటి మీద లేచిన పొక్కులు అమ్మవారు కాదట, లూపస్ అనే జబ్బట. మందను కాసే కుక్కే మందను కరిచినట్టు, ఒంటిని కాపాడే శక్తే ఒంటిని కరుస్తుందట. పిల్లలకు ఇలా పొక్కులు రావడం అరుదట. కిడ్నీలకూ పాకింది, మొహం వాపు అందుకే. మందులతో వాపు తీస్తోంది, కానీ వాటిని మానకూడదు. వేపాకు నీళ్లు పోసి ఎండలో కూర్చోబెట్టానని నువ్వు కుమిలిపోకు, అప్పుడు మనకెవరికీ తెలియదు. ఇక మాత్రం దాని మీద ఎండ పడకూడదు.

ఆ మాట విని హారిక కిటికీలోంచి మబ్బుల మందను చూసింది. "తాత వానల నెత్తి మీదికెల్లి గొంగడి కొప్పెర పెట్టుకొని గొర్లు కాస్తడు గదనే. నేను ఎండల పెట్టుకుంట," అన్నది.

నల్ల గొర్రె ఈనిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వాకిట్లో పందిరి వేయించు. తమ్ముడు వచ్చేటప్పుడు నీ పాత గొంగడి ఉతికి పంపు. ఎంత ఉతికినా నీ వాసన పోదులే.

ఇప్పుడే కునుకు పట్టింది. నిద్రలో "తాతా, వాన ఎలిసిందా?" అంటోంది. దానికి జవాబు నువ్వే వచ్చి చెప్పు.

అమ్మకూ నీకూ దండాలు.
నీ బిడ్డ స్రవంతి