నల్ల కాళ్ల పిట్ట

తమ్ముడూ,

ఎలా ఉన్నావని అడగబుద్ధి కావడం లేదు.

ఆ రెండు రకాల పిట్టలూ అచ్చు ఒకేలా ఉంటాయి, కాళ్ల రంగు చూసే పోల్చుకోవాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా! గోధుమరంగు కాళ్లది అరుదైనది; మా పెరటి పొదలో గూడు కట్టింది నల్ల కాళ్లది, ఎక్కడైనా కనిపించేదే. నేను పంపిన ఫోటోలో నువ్వు అందం కోసం వెలుగు పెంచి, దాని కాళ్లని గోధుమరంగు చేసి, మా వీధి పేరుతో సహా ఊరంతటికీ పంచావు. అరుదైన పిట్ట వచ్చిందని జనం కెమెరాలు వేసుకుని ఎగబడ్డారు. పొదంతా తొక్కేశారు. గూట్లో గుడ్లు చితికిపోయాయి.

పైగా ఫోన్ చేసి "ఫోటోకి ఎంత పేరొచ్చిందో చూశావా అక్కా" అంటావా? సిగ్గు లేదూ?

పొద్దుట్నుంచీ తల్లిపిట్ట గోడ మీద కూర్చుని అరుస్తూనే ఉంది. వచ్చి చూడు. దాని కాళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

అక్క