నోటి తడి

కాశిబుగ్గ, వరంగల్లు
18-8-1964

చిరంజీవి తమ్ముడు మొగిలికి అక్క పూలమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాను. షోలాపూర్‌లో నువ్వు నిజంగానే క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఎప్పుడూ పక్కింటి వరలక్ష్మి చేత రాయించేదాన్ని, ఈసారి నేనే రాస్తున్నాను. వంకర అక్షరాలు, కూడబలుక్కుని చదువు.

సూదులు నొప్పి పెడతాయా అని అడిగావు. మీ బావకు చీమ కుట్టినట్టయినా ఉండదట. హన్మకొండ డాక్టరు కలకత్తాలో నేర్చుకొచ్చిన విద్య అది. వారానికి రెండుసార్లు చేతులకూ కాళ్లకూ సన్నటి సూదులు గుచ్చి అరగంట పడుకోబెడతాడు. దిగులు జబ్బుకు గోలీలే అసలు మందు, సూదులు తోడు మాత్రమే అని మొదటి రోజే చెప్పాడు. చైనావాళ్ల సూదులని వాడలో నవ్వుతున్నారు. ఊరి నోటికి మూకుడు పెట్టగలమా?

గోలీలు తప్పకుండా మింగుతున్నాడా అనీ అడిగావు. మింగుతున్నాడని పోయిన ఉత్తరంలో రాయించాను. అది అబద్ధం, తమ్ముడూ.

గోలీలు మొదలైనప్పటి నుంచి ఆయన నోరు ఎండిపోయేది. పోగు తెగితే కొసలు నాలుకకు అద్దుకుని అతికేవాడు కదా, ఆ తడే లేకుండా పోయింది. "నోట్లె తడి లేదే, పోగెట్ల అతుకుదు?" అని మగ్గం దిగిపోయేవాడు. నేతగాడికి పని పోతే ఇంకేం మిగులుతుందనుకున్నాను. ఇక సూదులొక్కటే చాలు, గోలీలు బందు పెట్టమని డాక్టరే అన్నాడని ఆయనకు చెప్పి గోలీల డబ్బా దాచేశాను.

పది రోజులు బాగానే నేశాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత మెతుకు ముట్టడం మానేశాడు. పోయిన శుక్రవారం మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే తన నాడెను తీసుకెళ్లి మన వాడలోనే నేసే ఎల్లస్వామికి ఇచ్చేసి, ఇక నాకు దీనితో పని లేదన్నాడట. ఎల్లస్వామి పరుగున వచ్చి చెప్తే పోయి చూశాను. బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

డాక్టరుకు అంతా చెప్పాను. తిట్టలేదు. నోరెండితే మగ్గం పక్కన నీళ్ల గిన్నె పెట్టుకోమన్నాడు. అంత చిన్న మాట నాకు తట్టలేదు చూడు. సూదులు నడుస్తున్నాయి, గోలీలు మళ్లీ మొదలయ్యాయి. గుణం కనిపించడానికి మూడు వారాలు పడుతుందట, అందాక కనిపెట్టుకుని ఉండమన్నాడు.

నిన్న ఆయనకు నిజం చెప్పాను. నా మొహం చూడకుండానే అన్నాడు.

"డాక్టర్ బందు పెట్టమనలేదని నాకెర్కే. పానం పోతే పోనీ అని నేనే అడగలే."

పగలంతా ఆయన వెనకే తిరుగుతున్నాను. నీళ్లకు పోయినా వెంట తీసుకుపోతున్నాను. అలసిపోయాను, తమ్ముడూ. మిల్లులో సెలవివ్వకపోతే బావ చచ్చిపోయాడని చెప్పు. ముత్తైదువ రాయకూడని మాటే, రాశాను. అది నిజం కాకముందే రా.

ఇట్లు,
నీ దారి చూస్తున్న అక్క,
పూలమ్మ