అఫ్జల్‌గంజ్ స్టాప్‌లో కౌసల్య

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

ఇక రాయను. ఈ మాట కూడా రాసే చెప్పుకుంటున్నాను. ఏం చేస్తాం, అలవాటు.

పొద్దున కాగితాలు కొనే రద్దీ వాడు వస్తే పాత పేపర్లతో పాటు నా తొమ్మిది లాంగ్ నోట్‌బుక్కులూ తక్కెట్లో పడేశాను. పదకొండేళ్ల నవల. కౌసల్య అనే అమ్మాయి మొగుడింట్లోంచి బయటికొచ్చి, సంచీ పట్టుకుని అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో నిలబడుతుంది. అక్కడ ఆగింది. ఏ బస్సు ఎక్కించాలో నాకు తోచలేదు.

ప్రయత్నించలేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఐదింటికి అలారం పెట్టుకున్నాను. ఫోన్‌లో యాప్ వేసుకున్నాను. తొమ్మిది రోజుల స్ట్రీక్, పదో రోజు అత్తయ్యకి జ్వరం. రచయిత్రుల వాట్సాప్ గ్రూప్‌లో చేరాను. అందరూ రోజూ వర్డ్ కౌంట్ పెట్టేవాళ్లు, నేను దండం బొమ్మ పెట్టేదాన్ని. మోటివేషన్ వీడియోలు చూసిన టైములో రెండు నవలలు రాసి పారేయొచ్చు.

ఖాళీ అయిన అరలో వంశీ కొత్త కుక్కర్ అట్టపెట్టె పెట్టాడు. ఎంత కరెక్టుగా సరిపోయిందో చూడు అని మురిసిపోయాడు. మంచి మొగుడే. ఆ నిమిషం మాత్రం నాలుగు తన్నాలనిపించింది.

3 ఫిబ్రవరి

రాయలేదు. హాయిగా ఉంది.

4 ఫిబ్రవరి

ఏం హాయి, నా మొహం.

13 ఫిబ్రవరి, సాయంత్రం 7

మలక్‌పేట ఆఫీసు నుంచి వస్తూ, మాదన్నపేట మార్కెట్ దగ్గర నాగమణమ్మ బండి మీద పల్లీలు కొన్నాను. రోజూ కొనేదే. సగం తిన్నాక పొట్లం మీద చూపు పడింది. నా చేతిరాత! కౌసల్య అత్తగారు చింతపండు పిసుకుతూ సాధించే పేజీ. అక్షరాల నిండా ఉప్పు.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆటోల మధ్య నిలబడి రెండూ చేశాను. ఒక ఆటో అతను ఏమైంది బెహన్ అని ఆగి మరీ అడిగాడు.

వెనక్కి వెళ్లి ఇంకో పొట్లం కావాలన్నాను. నాగమణమ్మ కాగితం తీసింది గానీ చుట్టలేదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దాకా తెచ్చుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. ఎడమ కంట్లో తెల్లగా పొర. ఏంటమ్మా అంటే, చదవకుండ నేను దేన్ని చుట్టనమ్మ, ఏడో తరగతి దాంక చదువుకున్న, అక్షరాలను ఉత్తగ ఎట్ల పారేస్త అంది.

ఆరేళ్లుగా ఆమె దగ్గర పల్లీలు కొంటున్నాను. ఈ సంగతి ఇవాళే చూశాను.

14 ఫిబ్రవరి

ఏమీ ఎరగనట్టు, ఈ మధ్య కాగితాల్లో ఏమొస్తున్నాయి అని అడిగాను. అంతే, మొదలుపెట్టింది. ఒక కథ తగిలిందట. మస్తుగున్నది బిడ్డా, గని ముందుది ఎనక, ఎనకది ముందు వస్తున్నది, రద్దీ దుకాణపోడు ఎట్ల కలిపిండో ఏమో అంది. రాసింది ఆడామెనే, మొగోడైతే చింతపండు గురించి గంత రాయడు అంది.

తర్వాత కోపం వచ్చేసింది. గా రాసినామెకు బుద్ధున్నదా? పిల్లను తీస్కపోయి బస్టాప్ల నిలబెట్టి పాయె. ఆమె మంచిగ ఇంట్ల కూసొని ఛాయ్ తాగుతుండొచ్చు, ఈ పిల్లకు కాళ్లు గుంజయా? అని నన్నే అడిగింది.

గుంజుతాయి అన్నాను. నేనే అని చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మరమరాల డబ్బా మూత తీసి నాలుగు పేజీలు చూపించింది. వీటిల చుట్టనీకి పానమొప్పలే అంది. చూశాను. కౌసల్య మేడ మీద జడ వేసుకుంటూ ఊరికే కూచున్న పేజీలు. వాట్సాప్ గ్రూప్‌లో అందరూ తీసెయ్యమన్నవి. నేను కూడా సిగ్గుపడినవి.

16 ఫిబ్రవరి, ఆదివారం

కాళ్లు! ప్లాట్ ఆలోచించాను, క్లైమాక్స్ ఆలోచించాను, పదకొండేళ్లు కిందా మీదా పడ్డాను. పిల్ల కాళ్ల సంగతి ఒక్కనాడూ తట్టలేదు.

మధ్యాహ్నం వంటింటి గట్టు మీద ఒక పేజీ రాశాను. స్టాప్‌లో జామపండ్లు అమ్మే ఆమె ఖాళీ బుట్ట బోర్లించి, కూచోమంది. కౌసల్య కూచుంది. అంతే. దానికే నా ఒళ్లు తేలికపడింది.

17 ఫిబ్రవరి

ఇంట్లో పేరుకున్న పేపర్లని చెప్పి నాగమణమ్మకి ఒక కట్ట ఇచ్చాను. మధ్యలో ఆ పేజీ. పాతదిలా కనపడాలని టీ చుక్కలు కూడా వేశాను. నలభై ఏళ్లొచ్చి ఈ దొంగ వేషాలు.

20 ఫిబ్రవరి

నేను అడగకముందే చెప్పింది. కూసున్నదంట బిడ్డా! పానం నిమ్మలమైంది అంది. నాకు పిడికెడు పల్లీలు ఎక్కువేసింది. వెంటనే మళ్లీ మొహం ముడుచుకుంది. గని పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నదో లేదో అంది.

రేపు తినిపించాలి.

2 మార్చి, ఆదివారం

రంజాన్ నెల మొదలు. మార్కెట్‌లో కాలు పెట్టే సందు లేదు.

వారానికి మూడు పేజీలు పోతున్నాయి. కౌసల్య ఉస్మానియా బిస్కెట్లు తిన్నది, ఛాయ్ తాగింది. పోయిన వారం మొగుణ్ణి స్టాప్‌కి పంపించాను. నాగమణమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. వాడెందుకొచ్చిండో, ఎవరు పిలిచిండ్రో అని పల్లీలు గట్టిగా కలియబెట్టింది. వాణ్ణి ఇంటికి పంపేశాను. కథకి అదే మంచిదైంది, ఒట్టు.

ఇవాళ ఆమెకి వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు ఫారం నింపిపెట్టాను. పేరు, వయసు, చిరువ్యాపారం: పల్లీలు, మరమరాలు. సంతకం పెట్టే ముందు ఫారాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏ కాగితమైనా చదవందే వదలదు కదా అనుకున్నాను.

18 మార్చి

బండి లేదు.

19 మార్చి

లేదు. పక్కన ఉల్లిగడ్డలమ్మే భిక్షపతిని అడిగాను. కంటి ఆపరేషనంట, మూడు వారాలు దుమ్ముల తిరగొద్దన్నరంట, ఫికర్ చెయ్యకు అన్నాడు.

సంచీలో కట్ట అలాగే ఇంటికి తెచ్చాను. కొత్త పేజీలు రెండు అందులోనే ఉన్నాయి. ఇక మళ్లీ ఆగిపోతాను, నా సంగతి నాకు తెలుసు.

23 మార్చి, ఆదివారం

ఆగలేదు. మూడు పేజీలు రాశాను. చదివేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. కానీ వాన మొదలయ్యే దగ్గర వదిలేశాను కదా, పిల్ల దగ్గర గొడుగు లేదు. ఆఫీసులో ఫైలు తిప్పుతూ అదే ధ్యాస. నాగమణమ్మ ఫికర్ నాకు అంటుకుంది. ఇన్నాళ్లూ నేను నా గురించి ఆలోచించాను, నేను రాస్తున్నానా, బాగా రాస్తున్నానా అని. కౌసల్య గురించి ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆమె అంటే ఇష్టంగా ఉంది. రాసి ఏడ్చాను, మంచి ఏడుపే.

30 మార్చి, ఉగాది

వంశీ అరలోంచి కుక్కర్ పెట్టె తీసి మంచం కిందికి తోశాడు. నా కాగితాలు తెచ్చి ఆ అరలో పెట్టాడు. నేను అతనికి పచ్చడి ఇంకో గరిటె వేశాను.

11 ఏప్రిల్, శుక్రవారం

నాగమణమ్మ వచ్చింది! నల్ల కళ్లద్దాలు, వెనకాల తాడు. చూడగానే చెయ్యి పట్టుకున్నాను.

పేపర్ల కట్ట ఇచ్చాను. విప్పింది. తడుముకుంటూ మధ్యలోంచి నా పేజీలు తీసి నా చేతిలోనే పెట్టింది. ఇంక పది దినాలు చదవొద్దన్నరు, నువ్వే చదువు బిడ్డా, నీ రాతనే గద అంది.

ఆమే చెప్పింది. ఫారం నింపిన దినమే తెలిసిందట. కౌసల్య కింద యవత్తుకు గంత పొడుగు తోక, వ్యాపారం కింద గూడ గదే తోక అంది. గా ఛాయ్ చుక్కలెందుకు ఏసినవ్, రెండు అక్షరాలు ఖరాబైనయ్ అని తిట్టింది కూడా. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, చెప్తే సిగ్గుపడి బంజేస్తవని అంది.

భిక్షపతి ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కూచోమన్నాడు. కూచుని చదివాను. మార్కెట్ లొల్లిలో, గట్టిగా. భిక్షపతి తూకం ఆపి విన్నాడు, అతని గిరాకీ కూడా విన్నది. కౌసల్య బస్సెక్కింది.

కిటికి పక్కన సీటు దొరికిందా అని అడిగింది నాగమణమ్మ. దొరికింది అన్నాను. అది ఇంకా రాయలేదు. ఇంటికొచ్చి ముందు అదే రాశాను.

27 ఏప్రిల్, ఆదివారం

డైరీ సంచీలోనే ఉండిపోయింది. బండి దగ్గర కాగితాలు అయిపోయాయి, గిరాకీ నిలబడి ఉన్నారు. అందుకని ఈ పేజీకి కింది సగం లేదు. అక్కడ కౌసల్య గురించి రాసుకున్న నాలుగు మాటలతో సహా నాగమణమ్మ పల్లీలకు చించుకుంది.

చదివాకే చించింది.